అద్దె బండి మీద బీదరు
(ఉగాది వుత్సవ సభలో చేసిన ప్రసంగం)



ఉగాది సభలో మాట్లాడమంటే పంచాంగం గురించో, ప్రబంధాల గురించో, మాతృభాష గురించో మాట్లాడటం ఆనవాయితీ. కార్యదర్శిగారు నాకు అప్పగించిన విషయం మాత్రం అద్దె బండి మీద వూరు చూడటం. పచ్చడి తిన్న నోటితోనే పెట్రోలు మాట మాట్లాడమన్నారే అని మొదట నవ్వు వచ్చింది. ఆలోచించిన కొద్దీ, వేదిక మీదికి రావలసిన విషయమే అనిపించింది. యేటా పండుగ సెలవులకు హైదరాబాదు నుంచీ, వరంగల్లు నుంచీ, గుంటూరు నుంచీ మన మేనల్లుళ్ళూ, అన్నకొడుకులూ, చెల్లెలి కూతుళ్ళూ వస్తారు. బొబ్బట్లు తిన్న మర్నాడు వాళ్ళు అడిగేది ఒక్కటే. "మామయ్యా, ఇక్కడ బండి కిరాయికి దొరుకుతుందా? వూరు చూసి వస్తాం" అంటారు. దానికి మనం చెప్పే జవాబులు రెండు రకాలు. "ఆ పాత గోడలు చూడటానికి ఎండలో తిరగాలిట్రా, హాయిగా టీవీ చూస్తూ కూర్చో" అనేది ఒకటి. "ఫలానావాళ్ళ బండి వుంది, తాళాలు తీసుకుపో" అనేది రెండోది. మొదటి జవాబు వూరికి అన్యాయం. రెండోది పిల్లవాడికి అన్యాయం. యీ రెంటికీ నడుమనున్న జవాబు ఏమిటో వెతకటమే నా ప్రసంగం.

అద్దె బండి మనకు కొత్తది కాదు. ఇక్కడ తల నెరిసినవారందరికీ అద్దె సైకిళ్ళ దుకాణం జ్ఞాపకం వుండే వుంటుంది. గంటకు ఇంత అని రేటు. మడ్గార్డు మీద దుకాణం పేరూ, బండి నంబరూ. దుకాణదారు ఒక నోటు పుస్తకంలో మన పేరూ, పేటా, తీసుకున్న వేళా రాసుకునేవాడు. ధరావతు లేదు, కాగితం లేదు. "మాస్టారుగారి అబ్బాయి" అన్న మాటే హామీ. సీటు అందని పిల్లలు కడ్డీ కింది నుంచి కాలు దూర్చి, వొళ్ళు వంకర చేసి తొక్కేవాళ్ళు. మన దక్కను వైపు దాన్ని కైంచీ తొక్కుడు అనేవారు. రాత్రి దీపం లేకుండా తొక్కితే పోలీసు ఆపేవాడు గనుక, వాడు కనిపించగానే దిగి బుద్ధిమంతుల్లాగా నడిపించుకుపోయేవాళ్ళం. గంట దాటితే రెండో గంట అద్దె పడుతుందని ఒకటే గుండెదడ. అయినా ఆ గంటలో చూసినంత వూరు, తరవాత కార్లలో తిరిగి చూడలేదనే అందరూ అంటారు.

ఆ దుకాణం మనకు తెలియకుండానే ఒక పాఠం చెప్పింది. ఈ వస్తువు మనది కాదు, వేళకు తీసుకున్నట్టే తిరిగి ఇవ్వాలి అన్నదే ఆ పాఠం. ఇప్పుడు పెడలుకు బదులు ఇంజను వచ్చింది. వేగం పెరిగింది. పేరు చెప్పగానే తండ్రిని గుర్తుపట్టే దుకాణదారు పోయాడు గనుక, మాట ఉండవలసిన చోట కాగితం వచ్చింది. పాఠం మాత్రం మారలేదు.

బీదరు చూడటానికి రెండు చక్రాల బండి ఎందుకు? నడిచి చూడరాదా, కారులో చూడరాదా అని అడగవచ్చు. మన వూరి అమరిక చూడండి. తూర్పున అష్టూరులో బహమనీ సుల్తానుల సమాధులు. పడమట ఉద్గీరు రోడ్డు మీద బరీద్ షాహీ సమాధులు. నడుమ కోటా, మదరసా, చౌబారా, గురుద్వారా. ఒక చోటి నుంచి ఇంకొక చోటికి ఎండలో నడిచి చేరేసరికి, చూడటానికి కళ్ళే తెరుచుకోవు. కారు పాత వూరి సందుల్లో ఇరుక్కుంటుంది. ఆటో మిమ్మల్ని తలుపు దగ్గర దించి, "తొందరగా రండి" అంటుంది. రెండు చక్రాల బండికి వున్న గొప్ప గుణం వేగం కాదు, ఎక్కడబడితే అక్కడ ఆగగలగటం. గోడ మీద నీలిరంగు పలక మెరిస్తే ఆగవచ్చు. సందు చివర సుత్తి చప్పుడు వినిపిస్తే ఆగవచ్చు. పాత వూరు చూడటమంటే ముప్పాతిక మువ్వీసం ఆగటమే. బండి ఎక్కి ఆగకుండా తిరిగి వచ్చినవాడు రోడ్డు చూశాడు గాని వూరు చూడలేదు.

బీదరుకు బండి తోడుగా వచ్చిన బాటసారుల్లో మొదటివాడు ఎవరో చెప్పలేను గాని, గుర్రం తోడుగా వచ్చిన ఒక పరదేశి మాత్రం చరిత్రలో నిలిచాడు. అతను అఫనాసి నికితిన్ అనే రష్యా వర్తకుడు. 1469 ప్రాంతంలో మన దేశం చేరాడు. అమ్ముకుందామని ఒక్క గుర్రాన్ని తెచ్చుకున్నాడు. దారిలో జున్నరులో అక్కడి అధికారి ఆ గుర్రాన్ని పట్టుకుని, మతం మారితే ఇస్తానన్నాడు. ఖురాసాను నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి మాట సాయం చేసి గుర్రాన్ని విడిపించాడు. పరాయి వూళ్ళో వాహనం చిక్కులు ఇవాళ పుట్టినవి కావు సుమా! ఆ నికితిన్ బీదరు వచ్చి, సుల్తాను కోటకు ఏడు ద్వారాలున్నాయనీ, లోపలికి వెళ్ళేవారి పేర్లు, బయటికి వచ్చేవారి పేర్లు రాసుకునే లేఖకులు ద్వారాల దగ్గర కూర్చుంటారనీ తన యాత్రా గ్రంథంలో రాసుకున్నాడు. మన సైకిలు దుకాణం నోటు పుస్తకం ఎంత పాత సంప్రదాయమో చూశారా? కొత్తవాడు వూళ్ళోకి వస్తే పేరు అడగటం అనుమానం కాదు. అది పూచీ అడగటం.

ఇప్పుడు కాగితాల సంగతి. విసుగైనా వినండి, ప్రాణం మీదికి వచ్చినప్పుడు అక్కరకు వచ్చేది యీ భాగమే. మన దేశంలో 1988 మోటారు వాహనాల చట్టం కింద, మోటారు సైకిళ్ళను అద్దెకు ఇచ్చే వ్యాపారం కోసం 1997లో ప్రత్యేకంగా ఒక పథకం వచ్చింది. దాని ప్రకారం అద్దెకు ఇచ్చేవారికి రవాణా శాఖ వారి లైసెన్సు వుండాలి. అలాంటి బండిని గుర్తుపట్టటం సులభం. నంబరు పలక నల్లగా వుండి, దాని మీద అక్షరాలు పసుపుపచ్చగా వుంటాయి. గోవా వెళ్ళినవారు అలాంటి పలకలు వందలకొద్దీ చూసి వుంటారు. తెల్ల పలక మీద నల్ల అక్షరాలున్న బండి సొంత వాడకానికి నమోదయినది. దాన్ని డబ్బు తీసుకుని అద్దెకిస్తే, ఇచ్చినవాడిదీ తప్పే, పుచ్చుకున్నవాడికీ ముప్పే. ఎందుకంటే ఆ బండి ఇన్సూరెన్సు సొంత వాడకానికి రాసినది. ప్రమాదం జరిగినప్పుడు "అద్దెకిచ్చారు గనుక షరతు తప్పింది" అని కంపెనీ అడ్డు చెప్పటానికి అవకాశం వుంటుంది. అప్పుడు ఆసుపత్రి ఖర్చూ, ఎదుటివాడి నష్టపరిహారమూ ఎవరి నెత్తిన పడతాయో ఆలోచించండి. తక్కువ అద్దెకు దొరికిందని సంబరపడిన బండి, ఇల్లు తాకట్టు పెట్టించవచ్చు.

మనది సరిహద్దు వూరు కూడాను. జహీరాబాదు దాటి కొంత దూరం రాగానే రాష్ట్రం మారుతుంది. హైదరాబాదులో బండి అద్దెకు తీసుకుని, నూటనలభై కిలోమీటర్ల దాకా తోలుకుంటూ ఇక్కడికి వచ్చే కుర్రవాళ్ళు వున్నారు. అలాంటివారు, ఆ బండి రాష్ట్రం దాటవచ్చునా లేదా అని దుకాణంలోనే అడిగి, జవాబు కాగితం మీద రాయించుకోవాలి. నోటిమాట దారిలో చెల్లదు. బండితో పాటు రిజిస్ట్రేషను, ఇన్సూరెన్సు, పొగ పరీక్ష కాగితాలు వున్నాయో లేదో, వాటి గడువు తీరిందో లేదో చూసుకోవాలి. నడిపేవాడి లైసెన్సు గేర్లున్న బండికి చెల్లేదేనా అన్నది కూడా చూడాలి. గేర్లు లేని స్కూటరు లైసెన్సుతో మోటారు సైకిలు నడపటం లైసెన్సు లేకుండా నడపటంతో సమానం.

మా బంధువుల అబ్బాయి ఒకడు క్రిందటి సంవత్సరాల్లో ఒక పట్నంలో బండి అద్దెకు తీసుకున్నాడు. తిరిగి ఇచ్చేటప్పుడు దుకాణంవారు ట్యాంకు మీద ఒక సొట్ట చూపించి, ధరావతులో సగం పట్టుకున్నారు. ఆ సొట్ట పాతదే. కాని పాతదని చెప్పటానికి వాడి దగ్గర ఏమీ లేదు. పోయింది కొన్ని వందల రూపాయలే అయినా, వాడికి ఆ వూరంటేనే మనసు విరిగింది. కాబట్టి బండి తీసుకునేటప్పుడే నాలుగు వైపులా తిరిగి చూడాలి. గీతలు, సొట్టలు ఫోనులో ఫోటో తీసుకోవాలి. కిలోమీటర్ల అంకె రాసుకోవాలి. తరవాత బండి మీద కూర్చుని ముందు బ్రేకు, వెనుక బ్రేకు విడివిడిగా పట్టి చూడాలి. టైరు గీతలు అరిగిపోయాయా, గాలి సరిగా వుందా, దీపాలూ హారనూ పనిచేస్తున్నాయా, అద్దాలు రెండూ వున్నాయా చూడాలి. ఖాళీ రోడ్డు మీద నూరు గజాలు నడిపి ఆపి చూడాలి. పెట్రోలు ఎంత వుందో చూడాలి. లైసెన్సు అసలు ప్రతిని ఎవరి దగ్గరా తాకట్టు వుంచరాదు. పెళ్ళిచూపులకు వెళ్ళి మొగమాటంతో తల వంచుకు కూర్చున్నట్టు బండి దగ్గర కూర్చుంటే, తరవాత చింతించవలసి వస్తుంది.

మనవాళ్ళు విదేశాలకు వెళ్ళినా యీ సరదా వదలరు గనుక ఒక మాట చెబుతాను. వియత్నాం దేశంలో హనోయి గాని, సైగాన్ అని మనం పిలిచే హో చి మిన్ నగరం గాని మోటారు సైకిళ్ళకు పెట్టింది పేరు. అక్కడ ఏ కంపెనీ బండినైనా "హోండా" అనేసే అలవాటు పాతుకుపోయింది. రోడ్డుకు కుడి పక్కన నడుస్తారు. వీథి నిండా ప్రవాహంలాగా బండ్లు వస్తూనే వుంటాయి. అయితే మన దేశంలో ఇచ్చే అంతర్జాతీయ పర్మిట్టు 1949 జెనీవా ఒడంబడిక ప్రకారం ఇచ్చేది. వియత్నాం గుర్తించేది 1968 వియన్నా ఒడంబడిక ప్రకారం ఇచ్చినదాన్ని. కాబట్టి మన పర్మిట్టు చేతిలో వున్నా అక్కడ చెల్లదు. దుకాణంవాడు బండి ఇచ్చినంత మాత్రాన చట్టం ఒప్పుకున్నట్టు కాదు. అక్కడ వెనుక కూర్చుని వెళ్ళటానికి కిరాయి మోటారు సైకిళ్ళు వున్నాయి. వాటిని "సె ఓమ్" అంటారు. ఓమ్ అంటే మన ఓంకారం కాదు, కౌగిలించుకోవటం. కౌగిలించుకు కూర్చుని వెళ్ళే బండి అని అర్థం. చట్టం ఒప్పని చోట, నడిపేవాడి వెనుక కూర్చుని వూరు చూడటంలో నామోషీ ఏమీ లేదు.

ఆ నగరాల్లో వీథి దాటే పద్ధతి కొత్తవాడికి భయం కలిగిస్తుంది. పరుగెత్తకూడదు, హఠాత్తుగా ఆగకూడదు, వెనక్కి తిరగకూడదు. ఒకే నడకన మెల్లిగా వెళితే, బండ్లే మనిషిని చూసి పక్కకు తప్పుకుంటాయి. రద్దీలో మనిషిని కాపాడేది చాకచక్యం కాదనీ, ఎదుటివాడు ముందుగా వూహించగలిగేటట్టు నడవటమనీ దాని సారాంశం. చౌబారా దగ్గరా అంతే. ఆ దేశంవారు ఇంకొక పని కూడా చేశారు. 2007 డిసెంబరు 15 నుంచి అన్ని రోడ్ల మీదా మోటారు సైకిలు నడిపేవారూ, వెనుక కూర్చునేవారూ హెల్మెటు పెట్టుకు తీరాలని శాసించి అమలు జరిపారు. నిన్నటిదాకా వొట్టి తలలతో తిరిగిన జనం తెల్లవారేసరికి హెల్మెటులతో బయలుదేరారు.

మన దేశం మాటేమిటి? చట్టం మనకూ వుంది. నడిపేవాడికే కాదు, వెనుక కూర్చునేవారికీ హెల్మెటు వుండాలి. చట్టం కాగితం మీద వుంది, హెల్మెటు హాండిలుకు వేలాడుతున్నది. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయినవారు 1,68,491 మంది. వారిలో నూటికి నలభైనాలుగుమంది రెండు చక్రాల బండ్లవారే. ఆ యేడు హెల్మెటు లేకుండా పోయినవారు 50,029 మంది. అందులో పధ్నాలుగు వేలమందికి పైగా వెనుక కూర్చున్నవారు. అంటే బండి హాండిలు చేత పట్టనైనా పట్టనివారు. మన ఇళ్ళల్లో వెనుక కూర్చునేది ఎవరు? తల్లి, భార్య, చెల్లెలు, పిల్లలు. ఆ అంకె చదివిన తరవాత, "ఇంతలోకే కదా, ఎందుకులే" అనే మాట నా నోట రాలేదు. వూళ్ళో తిరిగే బండికి ప్రమాదం వుండదనుకోవటం పొరపాటు. పడిపోవటానికి పెద్ద రోడ్డు అక్కరలేదు, ఒక కుక్క అడ్డం వస్తే చాలు.

సరే, కాగితాలు చూశాం, హెల్మెటు పెట్టుకున్నాం. ఇక బయలుదేరుదాం. ఉగాది నాటికే మన రాతి నేల సెగలు కక్కుతుంది గనుక, తెల్లవారుజామునే తూర్పుగా అష్టూరు దారి పట్టాలి. వూరికి మూడు కిలోమీటర్ల దూరం. దారిలోనే హజ్రత్ ఖలీలుల్లా చౌఖండి. ఎనిమిది మూలల ఆ కట్టడం దగ్గర మొదటి మజిలీ చేయాలి. తరవాత వరసగా బహమనీ సమాధులు. హుమాయూన్ సుల్తాను సమాధి గుమ్మటం పిడుగు పడి బద్దలయింది. సగం గోడ నిలిచి, గుమ్మటం ఎంత మందమో, లోపల ఎలా పేర్చారో కోసిన పండులాగా కనిపిస్తుంది. గుల్బర్గా నుంచి రాజధానిని బీదరుకు తెచ్చిన అహ్మద్ షా వలీ సమాధిలో గోడలనిండా రంగుల చిత్రణ వుంది. బయటి వెలుగులోనుంచి నేరుగా వెళితే ఏమీ కనిపించదు. చీకటికి కళ్ళు అలవాటు పడేదాకా నిలబడితే ఎరుపు, బంగారు రంగు, నీలం ఒక్కొక్కటే బయటికి వస్తాయి. ఆగగలిగినవాడికే బీదరు అన్నాను చూడండి, అది ఇక్కడ నిజమవుతుంది.

ఆ సమాధి దగ్గర హోలీ తరవాతి రోజుల్లో జరిగే జాతర సంగతి మన పిల్లలకు తప్పక చెప్పాలి. ముస్లిములు ఆయనను వలీగా కొలుస్తారు. లింగాయతులు అల్లమప్రభు అవతారమని కొలుస్తారు. జాతరకు పెద్ద జంగమయ్య. సుల్తాను సమాధి వద్ద శంఖం మోగే చోటు దేశంలో ఎన్ని వుంటాయి? అలాంటి చోట బండి హారను మోగించుకుంటూ గుమ్మం దాకా వెళ్ళటం తగదు. దూరంగా నిలిపి, తాళం వేసి, నడిచి వెళ్ళాలి.

ఎండ ముదరక ముందే పాత వూళ్ళోకి రావాలి. నాలుగు వీథులు కలిసే చోట గుండ్రంగా నిలిచిన చౌబారా, డెబ్బైఒక్క అడుగుల ఎత్తున వూరికి కావలి బురుజు. దాని చుట్టూ తిరిగే రద్దీ మన కుర్రవాళ్ళకు పరీక్ష. తోపుడు బండి, ఆటో, బడిపిల్ల, ఆవు, బురఖా వేసుకున్న అమ్మ, వీరందరికీ ఆ వీథి మీద మనకంటె ముందు హక్కు వుంది. ఇక్కడ రెండో గేరు దాటటం అనవసరం. దారి తెలియకపోతే బండి పక్కకు ఆపి, దిగి అడగాలి. పెద్దవారిని "చాచా" అనో, "అణ్ణా" అనో, "కాకా" అనో పిలిచి అడిగితే, ఉరుదూ, కన్నడం, మరాఠీ, తెలుగు ఏది వచ్చినా జవాబు దొరుకుతుంది. బండి దిగకుండా "ఓ భాయ్" అని కేక వేసినవాడికి కూడా జవాబు దొరుకుతుంది గాని, అది మొగమాటపు జవాబు.

చౌబారా నుంచి కోట వైపు వెళ్ళే వీథిలోనే మహమూద్ గవాన్ కట్టించిన మదరసా. 1472 నాటిది. మూడంతస్తుల విద్యాశాల. దాని ముందు గోడను ఒకప్పుడు రంగురంగుల పలకలు కప్పి వుండేవి. పదిహేడవ శతాబ్దం చివర మందుగుండు పేలి చాలా భాగం కూలిపోయింది. మిగిలిన పలకల నీలిరంగు మాత్రం ఇంకా మాయలేదు. యీ గవాన్ ఎవరు? ఇరాను దేశంలో గీలాన్ నుంచి సరుకులతో వచ్చిన వర్తకుడు. మన భాషలో చెప్పాలంటే వలసవచ్చినవాడు. ఇక్కడ ప్రధానమంత్రి అయినాడు. సంపాదించినదాన్ని యీ వూరి చదువుకు పెట్టాడు. 1481లో శత్రువులు సృష్టించిన దొంగ వుత్తరం నమ్మి సుల్తాను ఆయనకు మరణశిక్ష వేయించాడు. ప్రాణం పోయింది, బడి నిలిచింది. వలసవచ్చినవాడు తాను వచ్చిన వూరికి ఏమి చెయ్యవచ్చునో తెలుసుకోవాలంటే ఆ గోడ ముందు పది నిమిషాలు నిలబడితే చాలు.

కోటలో రాతిని తొలిచిన మూడు వరుసల కందకం, షర్జా దర్వాజా, గుంబద్ దర్వాజా, సోలాఖంబా మసీదు, ముత్యపు చిప్పల పొదుగుతో రంగీన్ మహలు వున్నాయి. కోటలో తీరికగా తిరగటానికి కాళ్ళే వాహనం. గోల్కొండ రాజ్యం స్థాపించిన సుల్తాన్ కులీ కూడా మొదట బహమనీల కొలువులో తెలంగాణకు అధికారిగా పనిచేసినవాడే. అంటే మన పిల్లలు చార్మినారు దగ్గరినుంచి వచ్చి చూసే యీ కోట, వాళ్ళ వూరికి తాతగారి ఇల్లు వంటిది.

కోట చూసి వచ్చాక బిద్రీ పనివారి దుకాణాలు. జస్తు, రాగి కలిపి పోత పోసి, చెక్కి, ఆ చెక్కుడులో వెండి పొదిగి, చివర కోటలోని పాత మట్టిని నవాసారంతో కలిపి రుద్దుతారు. లోహం నల్లబడుతుంది, వెండి తెల్లగానే మిగులుతుంది. 2006లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2023లో యీ వూరి శిల్పి షా రషీద్ అహ్మద్ ఖాద్రీగారికి పద్మశ్రీ వచ్చింది. కొనినా కొనకపోయినా ఫరవాలేదు. ఒక చిన్న డబ్బా మీద ఎన్ని రోజుల చెయ్యి పడిందో చూసినవాడు, బేరం ఆడేటప్పుడు కొంచెం సిగ్గుపడతాడు.

మధ్యాహ్నం గురునానక్ ఝీరా. పదహారవ శతాబ్దం మొదట్లో గురునానక్ ఇక్కడికి వచ్చినప్పుడు మంచినీటి వూట పుట్టిందని సిక్కుల విశ్వాసం. గురుగోవిందసింగు ఎదుట తల ఇవ్వటానికి లేచిన అయిదుగురిలో ఒకరైన భాయీ సాహిబ్ సింగు బీదరువాడు. అక్కడి లంగరులో నీ కులమేది, నీ వూరేది అని అడగరు. తలకు గుడ్డ కప్పుకుని పంక్తిలో కూర్చోవటమే. హెల్మెటు తీసి గుడ్డ కట్టుకోవటం మాత్రం మరవకూడదు. సాయంకాలం బరీద్ షాహీ సమాధులు, తీరిక వుంటే నౌబాద్ దగ్గర భూమిలోపల తొలిచిన కరేజ్ నీటి కాలువ. దాని గాలిబావులు నేలమీద నోళ్ళు తెరుచుకుని వుంటాయి గనుక మసక వెలుతురులో అటు బండి తోలరాదు. విమానదళం వారి ఆవరణ దగ్గర ఆగి ఫోటోలు తీయరాదు. చీకటి పడక ముందే బండి ఇంటి ముందు వుండాలి.

సోదరులారా, ఇంతసేపూ పిల్లలకు చెప్పినట్టు చెప్పాను గాని, నిజానికి యీ మాటలు మనకే. మనలో కొందరు వుద్యోగం మీద వచ్చారు, కొందరు వ్యాపారం మీద. కొందరు కదలనే లేదు, రాష్ట్రమే వారి కిందనుంచి కదిలింది. 1956 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రం విడిపోయినప్పుడు పాత బీదరు జిల్లా మూడు ముక్కలయింది. జహీరాబాదు, నారాయణఖేడు ఆంధ్రప్రదేశ్‌కు, ఉద్గీరు, నిలంగా బొంబాయి రాష్ట్రానికి, మన బీదరు మైసూరుకు వెళ్ళాయి. తెల్లవారేసరికి మేనమామ ఒక రాష్ట్రంలో, మేనల్లుడు ఇంకొక రాష్ట్రంలో మిగిలారు. అలాంటి వూళ్ళో ఇరవై యేళ్ళున్నా అష్టూరు చూడనివారు మన సభలో వున్నారంటే, అది వారి దోషమని నేననను. బజారు, ఆఫీసు, ఇల్లు, ఆదివారం సంఘం, యీ నాలుగు గోడల్లో రోజులు గడిచిపోతాయి. కాని యీ వూరిని మనం చూడనంతకాలం మనం ఇక్కడ అద్దెకున్నవాళ్ళమే. చూసి, తెలుసుకుని, దానికి ఏదైనా చేసిననాడే ఇంటివాళ్ళమవుతాము.

అయితే అద్దెకుండటంలోనూ ఒక మర్యాద వుంది. అద్దె బండిని తీసుకున్నట్టే తిరిగి ఇవ్వాలి. చూసిన వూరిని చూసినట్టే వదలాలి. గోడ మీద పేరు గీకకూడదు, సమాధి అరుగు మీద సీసా వదలకూడదు. వీటన్నిటికంటె ముందు, ఇంట్లో ఎదురుచూసే తల్లికి బిడ్డను వెళ్ళినట్టే తిరిగి అప్పగించాలి. దానికి మాత్రం ధరావతు ఎంత కట్టినా చాలదు.

అందుచేత కార్యవర్గంవారికి నాది చిన్న మనవి. మన సంఘం బీరువాలో హార్మోనియం వుంది, తబలా వుంది. వాటి పక్కన మంచి రకం హెల్మెటులు నాలుగు కొని వుంచండి. పండుగకు వచ్చే బంధువులు సంతకం పెట్టి తీసుకుపోయి, తిరిగి తెచ్చి ఇస్తారు. పాత సైకిలు దుకాణంలో లాగే ఒక నోటు పుస్తకం చాలు. చూడవలసిన చోట్లు, దారి, దూరం ఒక కాగితం మీద అచ్చువేయించండి. మొదటిసారి వచ్చినవారికి తోడుగా మన వూరి దారులు తెలిసిన ఒక కుర్రవాణ్ణి పంపండి. ఖర్చు కొద్ది వేల రూపాయలు. విందులో ఒక మిఠాయి తగ్గించుకుంటే సరిపోతుంది.

ఇవాళ మనకు ఉగాది, కన్నడిగులకు యుగాది, మరాఠీవారికి గుడీ పాడ్వా. ఒకే రోజున మూడు భాషల్లో సంవత్సరం మొదలయ్యే వూళ్ళో వుండటం మన అదృష్టం. యీ కొత్త సంవత్సరంలో మన పిల్లలు నిదానంగా తిరిగి, నిండా చూసి, క్షేమంగా ఇల్లు చేరాలని కోరుకుంటున్నాను.